కొనేముందు నాన్నమ్మ రూపాయి పక్కన పెట్టి చూడండి

మొన్న ఆదివారం పొద్దున్నే మా వీధి చివర టిఫిన్ కొట్టు నడిపే అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒకసారి ఇంటికి రా, ఒక వస్తువు చూడాలి, ఎవరితోనూ అనకు" అన్నాడు. నేను పాత నాణేలు పోగేస్తానని శ్రీకాకుళంలో కొద్దిమందికే తెలుసు, వాళ్లలో ఆయనొకడు. వెళ్లేసరికి వదిన తలుపు దగ్గరికి వేసి, దేవుడి అరలోంచి పసుపుగుడ్డ తీసి నా ముందు విప్పింది. రాగి రంగు బిళ్ల. ఒక పక్క సీతారామలక్ష్మణులు, వాళ్ల కాళ్ల దగ్గర హనుమంతుడు. రెండో పక్క ఈస్టిండియా కంపెనీ, హాఫ్ అణా, 1818 అని ఇంగ్లీషు అక్షరాలు.

తెచ్చినవాడు టెక్కలి వైపు మనిషినని చెప్పాడట. 20 వేలు అడ్వాన్స్ తీసుకుని, "మూడు రోజులు మీ ఇంట్లోనే ఉంచుకోండి, నమ్మకం కుదిరితే మిగతా లక్షా ఎనభై వేలు ఇవ్వండి, హైదరాబాద్‌లో పార్టీ రెడీగా ఉంది, కోటికి తక్కువ ఇవ్వరు" అన్నాడట. ఆ లక్షా ఎనభై కోసం సోమవారం వదిన గొలుసు బ్యాంకులో పెట్టడానికి ఇద్దరూ సిద్ధమైపోయారు. పిల్లాడి ఇంజినీరింగ్ ఫీజు ఒకటి నెత్తిమీద ఉంది కదా, ఆ టెన్షన్‌లో ఎవరికైనా ఇలాంటి మాట దేవుడి మాటలాగే వినిపిస్తుంది. వాళ్లని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు, కోపమంతా ఆ వచ్చినవాడి మీదే.

ఆ బిళ్లని నకిలీ అనడానికి కూడా లేదు. నకిలీ అనాలంటే అసలుది ఒకటి ఉండాలి, దీనికి అసలు అనేదే లేదు. ఈస్టిండియా కంపెనీ 1818లో గానీ, ఆ ముందూ వెనకా గానీ రామదర్బారు వేసి అణా కొట్టలేదు. 1818 నాటికి కంపెనీకి దేశమంతటికీ ఒకే రకం నాణెం కూడా లేదు. మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీలు ఎవరివి వాళ్లు వేసుకునేవి, మన ప్రాంతం మద్రాసు కింద ఉండేది, ఇక్కడి రాగి నాణేలు కాసుల లెక్కన నడిచేవి. అందరికీ ఒకే రూపాయి, ఒకే అణా వచ్చింది 1835లో. ఆ ఏడాది వేసిన అసలైన అర్ధణా మీద ఉండేది కంపెనీ చిహ్నం, దాన్ని పట్టుకుని నిలబడ్డ రెండు సింహాలు. అంతే. ఇప్పుడు తిరుగుతున్న బిళ్లల మీద 1818 ఒక్కటే కాదు, 1616, 1717 అని కూడా ఉంటాయి. యూకేఎల్ అని అర్థం లేని మూడక్షరాలు ఉంటాయి. హనుమంతుడు, లక్ష్మీదేవి, తామరపువ్వు, ఎవరికి ఏ దేవుడి మీద భక్తి ఉంటే ఆ బొమ్మ దొరుకుతుంది.

"మరి కంపెనీవాళ్లు దేవుడి బొమ్మలు వేయలేదా?" అని అన్నయ్య అడిగాడు, మంచి ప్రశ్నే. వేశారు. 1807-08 ప్రాంతంలో మద్రాసులో కొట్టిన పావు వరహా వెండినాణెం మీద ఒక పక్క గుడి గోపురం, రెండో పక్క విష్ణుమూర్తి ఉంటాడు, చుట్టూ తెలుగులో, తమిళంలో కూడా అక్షరాలుంటాయి. నాకు ఎంతో ఇష్టమైన నాణెం అది. అలాగే రాముడి పట్టాభిషేకం బొమ్మతో రామటెంకిలనే నాణెంలాంటి బిళ్లలు మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నాయి, వాటిని పూజలో పెట్టుకునేవారు. కానీ రామటెంకి పూజకి, సంతలో చెల్లడానికి కాదు. దాని మీద అణా అనీ కంపెనీ అనీ రాసి ఉండదు. ఈ మోసగాళ్లు చేసిందేమిటంటే మన ఇళ్లలో ఉన్న ఆ భక్తిని తీసుకొచ్చి కంపెనీ పేరుతో అతికించారు.

దీనికే తోకలాంటిది రైస్ పుల్లింగ్. నాణెం దగ్గర బియ్యం పెడితే గింజలు లేచి అతుక్కుంటాయి, అందులో ఇరిడియం అనే అరుదైన లోహం ఉంది, విదేశాల కంపెనీలు కోట్లు పెట్టి కొంటాయి అంటారు. రాగికీ ఇరిడియానికీ బియ్యాన్ని లాగే గుణం లేదు. గింజలకి ఇనుపరజను పట్టించి, నాణెం అడుగున అయస్కాంతం దాస్తే లేస్తాయి. మీ ఇంటి డబ్బాలోంచి మీరు తెచ్చిన బియ్యంతో చూపించమనండి, ఆ రోజు గ్రహబలం బాగోలేదని లేచి వెళ్లిపోతారు.

ఇక అసలు నాణేల పోలికతో చేసే దొంగవాటి సంగతి. వీటిని గుర్తుపట్టడం కష్టం, నేనే మోసపోయాను కాబట్టి చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లినప్పుడు, గంటస్తంభం దగ్గర్లో ఒకాయన గుడ్డ పరిచి నాణేలు అమ్ముతున్నాడు. అందులో 1911 రూపాయి కనబడింది. నాణేలు పోగేసేవాళ్లకి దీని కథ తెలిసే ఉంటుంది. ఐదో జార్జి వేసుకున్న అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది, ఆ ఏడాది అచ్చులో తొండం పొట్టిగా పడి అది పందిలా కనిపించిందని గొడవైంది. విడుదల కాకుండా మిగిలిన వాటిని చాలావరకు కరిగించేసి, 1912 నుంచి ఏనుగుని సరిగ్గా దిద్ది వేశారు. అందుకే 1911కి గిరాకీ. 3,500 చెప్పాడు, బేరమాడకుండా కొన్నాను, ఎక్కడ ఇంకొకరు ఎగరేసుకుపోతారో అని. ఇంటికొచ్చాక వారం రోజులు రాత్రిళ్లు తీసి చూసుకునేవాణ్ని.

నరసన్నపేటలో తెలిసిన కంసాలి గీటురాయి మీద గీసి "వెండి మంచిదే" అన్నారు. దాంతో ధైర్యం వచ్చింది. ఇక్కడే నేను పొరపడింది, మీరు పొరపడకూడనిదీ ఇక్కడే. వెండి నిజమైనంత మాత్రాన నాణెం నిజమైపోదు. మామూలు పాత రూపాయిల వెండినే కరిగించి అరుదైన సంవత్సరం రూపాయిగా పోత పోస్తే గీటురాయికి ఏం తెలుస్తుంది? దానికి లోహం తెలుస్తుంది, పుట్టుక తెలియదు.

పుట్టుక సంగతి చెప్పింది బుడితిలో ఒక తాతగారు. బుడితి ఇత్తడి పని మన జిల్లాలో తెలియనివాళ్లుండరు, బిందెలు, చెంబులు, గంటలు పోత పోసి చేసే ఊరు. అక్కడికి వేరే పని మీద వెళ్లి, మాటల్లో ఈ రూపాయి ఆయన చేతికిచ్చాను. కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు, బొటనవేలితో అక్షరాల మీద రాసి, "ఇది పోత బాబూ, అచ్చు కాదు" అన్నారు.

"ఏటి చూసి చెప్పారు తాతా?"

"సూడ్డానికేటుంది, ఏలుకి తెలుస్తంది. పోతలో అచ్చరం మెత్తగా లేస్తది, అచ్చు కొడితే నిలబడతది."

ఆ రోజు ఆయన దగ్గర గంటసేపు కూర్చుని నేర్చుకున్నదే ఇప్పటికీ నాకు పనికొస్తోంది. టంకశాలలో నాణెం పోసేది కాదు, కొట్టేది. చదునైన వెండి బిళ్లని రెండు ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బ వేస్తే, ఆ ఒత్తిడికి లోహం అచ్చులోని ప్రతి మూలకీ పరుగెత్తుతుంది. అందుకే అక్షరం గోడలు నిటారుగా ఉంటాయి, అక్షరం నేలని తాకేచోట గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది, ఖాళీ నేల నునుపుగా ఉంటుంది. పోతలో లోహం మూసలోకి తనంత తానే పారుతుంది, ఒత్తేది ఏమీ ఉండదు, గాలి బుడగలు ఇరుక్కుంటాయి. పదింతలు చూపించే భూతద్దం కింద సూదిమొనతో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు, ఉప్పురవ్వల్లాంటి పొక్కులు, సబ్బుబిళ్ల మీద పేరులా కరిగిపోతున్న అక్షరాలు కనిపిస్తాయి. అంచు చుట్టూ ఉండే గీతలు చూడండి, అసలువాటిలో ఒకే లోతున, ఒకే ఎడంతో నడుస్తాయి. పోతవాటిలో మూస రెండు ముక్కలు కలిసిన జాడ ఒక గీతలా ఉంటుంది, దాన్ని ఆకురాయితో రాసేసి ఉంటే ఆ రాపిడి గుర్తులుంటాయి. నాణెం కొనేటప్పుడు అందరూ రాజు మొహం చూస్తారు, నేను మొదట అంచు చూస్తాను.

తాతగారు ఇంకో మాట అడిగారు, "ఇంట్లో పెద్దోళ్ల రూపాయి ఒకటుందా? పక్కన పెట్టి కొలు." పోత పోసిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుంటుందని, అసలు నాణెంతోనే మూస చేసినా బయటికొచ్చేది దానికంటే ఒక పిసరు చిన్నదే అవుతుందని చెప్పారు. మా నాన్నమ్మ వరలక్ష్మీ వ్రతం కలశంలో వేసే రూపాయి ఉంది, 1919ది, మామూలుదే, ఆ సంవత్సరానివి కుప్పలుగా దొరుకుతాయి. పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిచాను. నాన్నమ్మది 30.5 మిల్లీమీటర్లు, 11.6 గ్రాములు. నాది 29.9, సరిగ్గా 11 గ్రాములు.

ఈ 11.66 గ్రాముల లెక్క గుర్తుపెట్టుకోండి. 1835 నుంచి 1939 దాకా వచ్చిన వెండి రూపాయి ఏ రాజుదైనా, రాణిదైనా అదే బరువు, వందలో దాదాపు 92 పాళ్లు వెండి. అదే ఒక తులం. మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ మందు దినుసులకి "రూపాయి ఎత్తు" అంటారు, అది ఈ రూపాయే. ఇప్పుడు షాపుల్లో తులమంటే 10 గ్రాములు చేసేశారు కాబట్టి, "తులం వెండి రూపాయి" అని ఎవరైనా 10 గ్రాములది చేతిలో పెడితే అది పూజకి అమ్మే కొత్త బిళ్ల అయ్యుంటుంది. అరిగిన పాత రూపాయి కొంచెం తగ్గుతుంది, 11.4, 11.5 మామూలే. నాకమ్మినవాడు కూడా "వందేళ్లది కదా, అరిగింది" అనే అన్నాడు. కానీ సగం గ్రాముకి పైగా అరిగిపోయిన నాణెం మీద రాజుగారి గడ్డం వెంట్రుకలు మిగలవు, నాదాని మీద మిగిలాయి. పైగా అరుగుదల బొమ్మని తినేస్తుంది గానీ నాణెం వెడల్పుని అన్నిపక్కలా సమానంగా తగ్గించదు.

మరుసటి ఏడాది సిరిమాను రోజున మళ్లీ అటు వెళ్లాను. ఆయన కనబడలేదు, ఇంకొకాయన గుడ్డ మీద 1911లు రెండున్నాయి. జేబులోంచి నాది తీసి పక్కన పెట్టాను. మూడింటికీ రాజు చెవి కింద ఒకేచోట, ఒకే కోణంలో చిన్న గాటు. ఎవరి చేతిలోనో ఎప్పుడో కిందపడి గాటు పడిన ఒక అసలు రూపాయి నుంచి మూస తీశారన్నమాట, గాటుతో సహా. అందుకే ఒకాయన దగ్గర అరుదైనవి రెండు మూడు కనిపిస్తే సంబరపడకండి, గీతలూ గాట్లూ కలుస్తున్నాయేమో చూడండి.

అయస్కాంతం గురించి అందరూ చెబుతారు. అతుక్కుంటే అది వెండి కాదు, అంతవరకు నిజం. అతుక్కోకపోతే వెండే అనుకోవడం మాత్రం తప్పు, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోదు, అందులో ఉండేది రాగి, నికెల్, జింకు. నాకు నీళ్ల పరీక్ష మీద నమ్మకం ఎక్కువ. వంద గ్రాముల దాకా తూచే చిన్న డిజిటల్ కాటా మీద చిన్న గిన్నెలో నీళ్లు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా నీళ్లలో ముంచి పట్టుకోండి. కాటా మీద ఒక అంకె వస్తుంది. నాణెం అసలు బరువుని ఆ అంకెతో భాగిస్తే, మంచి రూపాయికి 10.3 దరిదాపుల్లో రావాలి. అంటే 11.66 గ్రాముల రూపాయికి కాటా 1.13 చూపించాలి. జర్మన్ సిల్వర్‌కి 9 కూడా రాదు. నాణేనికి చిన్న గీత కూడా పడదు, అమ్మేవాడికి అభ్యంతరం చెప్పడానికి కారణం ఉండదు. ఒకటే జాగ్రత్త, 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిల్లో వెండి సగమే, వాటికి ఈ లెక్క పనికిరాదు.

మోగించి చూడటం పాత పద్ధతి, వేలి కొస మీద నిలబెట్టి ఇంకో నాణెంతో తడితే మంచి రూపాయి కణంగుమని చాలాసేపు మోగుతుంది. పోతది డబ్‌మంటుంది. కానీ కాసులపేరులోనో దండలోనో వేయడానికి కొక్కెం అతికించి తీసేసిన అసలు రూపాయి కూడా సరిగ్గా మోగదు, కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకోవద్దు.

సంవత్సరానికీ రాజుకీ పొంతన చూడటం మాత్రం ఇంట్లో కూర్చుని ఎవరైనా చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. 1835 రూపాయి మీద ఉండేది నాలుగో విలియం. విక్టోరియా రూపాయి 1840తో మొదలు. ఆమె పేరు పక్కన ఎంప్రెస్ అని ఉంటే 1877 గానీ ఆ తర్వాత గానీ అవ్వాలి, అంతకుముందు క్వీన్ అనే ఉంటుంది. ఏడో ఎడ్వర్డు 1903 నుంచి 1910. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే సంతలో దొరికే దొంగ రూపాయిల్లో కొన్ని అక్కడికక్కడే తేలిపోతాయి. ఆరో జార్జి 1939 రూపాయి చాలా అరుదు కాబట్టి దానికే దొంగలెక్కువ. 1938 రూపాయి చివరి 8ని చెక్కి 9 చేసే పని కూడా ఉంటుంది, బరువు, వెండి, మోత అన్నీ సరిపోతాయి, ఎందుకంటే నాణెం అసలుదే. ఆ ఒక్క అంకె చుట్టూ నేల కొంచెం పల్లంగానో, వేరే మెరుపుతోనో ఉంటుంది. 1939 ఎవరైనా చూపిస్తే భూతద్దం లేకుండా డబ్బు తీయకండి.

మన ప్రాంతపు నాణేల మాట వచ్చేసరికి నాకు గుండె కొంచెం ఎక్కువ కొట్టుకుంటుంది. విజయనగరం రాజుకీ కంపెనీకీ పద్మనాభం యుద్ధం జరిగిన 1794లోనే, ఉత్తర సర్కారుల కోసమని, అంటే మన కోస్తా ప్రాంతం కోసమని, కంపెనీ ఇంగ్లండు నుంచి కొట్టించి తెచ్చిన రాగినాణేలు ఉన్నాయి, వాటి మీద రూపాయికి 48 అని రాసి ఉంటుంది. మనం పైకానికంతటికీ వాడే డబ్బు అనే మాట కూడా ఒకప్పుడు రాగినాణెం పేరే. ముఖలింగం రాజధానిగా ఏలిన గంగరాజుల బంగారు పణాలు ఇంకా పాతవి. పడుకున్న నంది, వెనక అంకుశం, రాజుగారి పాలనా సంవత్సరం అంకె, ఇదంతా అర గ్రాము కూడా లేని, చిటికెన వేలి గోరంత బంగారంలో. అంత తక్కువ బంగారం కాబట్టి దొంగవాటిని కూడా నిజమైన బంగారంతోనే చేస్తారు, కంసాలి దగ్గరికెళ్లినా బంగారమనే చెబుతాడు. వీటిని ఫోటో చూసి కొనొద్దు, బాగా తెలిసినవాళ్లు చేత్తో పట్టుకుని చూసేదాకా కొననే కొనొద్దు.

వీటిని అమ్మేవాళ్లు చెప్పే కథ ఎప్పుడూ ఒకటే, "పొలం దున్నుతుంటే చెంబుతో దొరికింది బాబూ, ముఖలింగం దగ్గర". ఆ కథ అబద్ధమైతే నాణెం దొంగది. నిజమైతే దాన్ని అమ్మే హక్కు ఆయనకి లేదు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటిన ఏ నిధి దొరికినా కలెక్టరుకి తెలియజేయాలి. ఎటు తిరిగినా మీరు కొనకూడని వస్తువే. నాకు ఇందులో చట్టం కంటే బాధ కలిగించేది ఇంకోటి ఉంది, అలా దొరికిన చెంబు చేతులు మారి చెదిరిపోతే, ఆ నాణేలు ఎక్కడ, దేనితో కలిసి ఉన్నాయో చెప్పే చరిత్ర మనకి శాశ్వతంగా పోతుంది.

ఆన్‌లైన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాటి 5 రూపాయలకి లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజో జీఎస్టీయో కట్టమని ఎవరైనా అడిగితే అక్కడితో ఫోన్ పెట్టేయండి. రిజర్వ్ బ్యాంకు పేరు, గుర్తు వాడుకుని పాత నోట్లకీ నాణేలకీ కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని, తమకి దీంతో ఏ సంబంధమూ లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసిన నాణేలు కొనేటప్పుడు కూడా ఆ పెట్టె మీది నంబరుని, నాణేన్ని పరీక్షించి సీల్ చేసిన గ్రేడింగ్ కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో పోల్చుకోండి, ఎందుకంటే పెట్టెలకీ దొంగవి వచ్చాయి.

అన్నయ్య ఇంట్లో ఇదంతా చెప్పేసరికి పదకొండయింది. వదిన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత లోపలికెళ్లి వాళ్లమ్మ ఇచ్చిన చిన్న రేకుడబ్బా తెచ్చింది. అందులో నాలుగు వెండి రూపాయిలు. వాటిని చింతపండు పెట్టి తోమి తీసుకొస్తానని లేవబోతే చెయ్యి పట్టుకున్నంత పనిచేసి ఆపాను, ఆ నలుపు వందేళ్లకి వచ్చింది, ఒకసారి తోమేస్తే మళ్లీ రాదు, కొనేవాళ్లు చూసేది కూడా దాన్నే. కాటా మీద పెట్టాం. నాలుగూ 11.5కి అటూ ఇటూ. ఒకటి 1862 విక్టోరియా. పెద్ద ధర పలికేవి కావు, ఆ మాట కూడా ఆమెకి చెప్పాను.

టెక్కలి మనిషి ఫోన్ సోమవారం నుంచి స్విచాఫ్. 20 వేల గురించి స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చాం, ఆ రాగిబిళ్లని కూడా వాళ్లకే అప్పగించాం. వాడి దగ్గర అలాంటివి ఇంకా ఉండే ఉంటాయి, టెక్కలి, పలాస, సోంపేట వైపు ఎవరి ఇంట్లోనైనా ఈపాటికి పసుపుగుడ్డలో చుట్టి దేవుడి అరలో పెట్టి ఉండొచ్చు. మీకు తెలిసినవాళ్లు అటువైపు ఉంటే, డబ్బు కట్టకముందే ఒక మాట చెప్పండి.